గల్లీ మొదట్లో నిద్రపోయిన కారు

చలికాలంలో కంగ్టి రోడ్డు పొద్దున్నే మొత్తం ఒకేసారి కనిపించదు. మంచులోంచి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. ముందు ఒక కల్వర్టు గోడ, తర్వాత పత్తిచేను అంచు, ఆ తర్వాత గొంగడి కప్పుకుని నిలబడ్డ ఒక మనిషి. నేను లైట్లు వేసుకుని, సగం నిద్రలో ఉన్నట్టుగా, మెల్లగా నడుపుతుంటాను. పక్క సీట్లో అప్ప శాలువాను చెవుల మీదికి లాక్కుని కూర్చుంటాడు. మా ఇంట్లో నాన్నను అప్ప అంటాం. మేం మాట్లాడేది సగం కన్నడం, సగం తెలుగు. ఏది ఎక్కడ ఆగి ఏది ఎక్కడ మొదలవుతుందో మాకే తెలియదు.

నారాయణఖేడ్ బజారులో మాది అడ్తి దుకాణం. రైతుల దగ్గర కందులు, పెసలు, మినుములు కొని అమ్మడం తాతల నాటి నుంచి మా పని. కందుల కాలంలో అప్ప దుకాణం తెరవకముందే ఊళ్ల మీదికి వెళ్తాడు. కానీ కారు దిగడు. మా కారు ఆగగానే రోడ్డు పక్కనున్న రైతు దగ్గరికి వచ్చి, దించిన అద్దం మీద మోచెయ్యి ఆనించి, పిడికెడు కందులు అప్ప అరచేతిలో పోస్తాడు. అప్ప వాటిని వేలితో అటూ ఇటూ జరుపుతాడు. ఒక గింజను కొరికి ఆ చప్పుడు వింటాడు. పచ్చిగా ఉందా, బాగా ఎండిందా, నిలవకు ఆగుతుందా అన్నీ ఆయనకు ఆ చప్పుడులోనే తెలుస్తాయి. తర్వాత ఇంటి సంగతులు, వాన సంగతులు, పనికోసం పట్నం వెళ్లిన తమ్ముడి సంగతులు. మాటలు అయ్యేదాకా ఆ మోచెయ్యి అక్కడి నుంచి కదలదు.

మచ్చుకు పోసిన గింజలు కొన్ని వేళ్ల సందుల్లోంచి జారి కారులోనే ఉండిపోతాయి. ఒక వానాకాలం అప్ప కాళ్ల దగ్గరి చాప కిందికి నీళ్లు చేరి, ఒక కందిగింజ మొలకెత్తింది. రెండే రెండు లేత ఆకులు, చాప అంచు పక్కనుంచి తల ఎత్తి చూస్తున్నాయి. చాలా రోజులు ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. కారు లోపల ఒక చేను మొదలవుతోందనుకుంటూ నడిపాను.

నేను కారు నేర్చుకున్నది అప్పకు కంటి ఆపరేషన్ అయ్యాక. ఎదురుగా వచ్చే వెలుతురు ఆయనకు పగిలిన అద్దంలా చెదిరి కనిపించేది. ఆయన స్టీరింగ్ వదిలేశాడు. డిగ్రీ అయిపోయి ఇంట్లో పుస్తకాలు చదువుకుంటూ కూర్చున్నది నేనే కాబట్టి ఆ పని నాకు వచ్చింది. మొదట మార్కెట్ యార్డులో ఖాళీగా ఉన్నప్పుడు, తర్వాత ఆదివారాలు కల్హేర్ వైపు నేర్చుకున్నాను.

నలుగురి ముందు నాకు మాట రాదు. చుట్టాలొస్తే వంటింట్లో నా పని దానంతటదే ఎక్కువైపోతుంది. కారులో అలా కాదు. నా ముఖం వైపు ఎవరూ చూడరు, నేనూ ఎవరి వైపూ చూడక్కర్లేదు. ఇద్దరం ఒకే రోడ్డును చూస్తుంటాం. అలా చూస్తూ చూస్తూనే, చదివిన కథలు అప్పకు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన వాటిని బజారు కబుర్లలాగే వింటాడు. కథలో ఎవరైనా మోసపోతే, ముందే మచ్చు చూసుకోవాల్సిందంటాడు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే మాత్రం మా ఇద్దరి మధ్య నీళ్లు అందుకోవడం తప్ప మాటలుండవు.

పెద్ద కారు మాట ఎత్తింది కాకా. ఆయన అప్పకు తమ్ముడు. మా ఇంట్లోనే ఉంటాడు, మా పప్పు మిల్లు చూసుకుంటాడు. ఆయన చెప్పినవన్నీ నిజాలే. మా కారుకు వయసు మీద పడింది. ఏసీ వేస్తే దగ్గుతుంది. ఎత్తు తక్కువ కావడంతో మోకాళ్ల నొప్పులున్న అజ్జి, అంటే మా నాన్నమ్మ, దిగాలంటే ఇద్దరు చెయ్యందించాలి. మిల్లు బాగానే నడుస్తోంది. మాతో లావాదేవీలున్న వాళ్లందరూ పెద్ద బండ్లలో తిరుగుతున్నారు.

"మన డబ్బాను చూసి బీదర్ సేట్లు చాయ్‌ల చక్కెర గూడ తక్కువేస్తుండ్రు," అన్నాడు కాకా భోజనాల దగ్గర. అప్ప నవ్వాడు. రొట్టెలు వడ్డిస్తున్న అవ్వ కూడా నవ్వింది. మా ఇంట్లో అమ్మను అవ్వ అంటాం.

కాకా ఫోనులో ఫొటోలు చూపించాడు. పేరున్న కంపెనీది, ఖరీదైన ఎస్‌యూవీ. ఏనుగంత ఉంది. పైకప్పు మొత్తం అద్దమే. పాత కారును హైదరాబాద్ షోరూమ్ వాళ్లే తీసుకుని మిగతాది కడితే ఇస్తారట. అంతా చెప్పి, నీళ్లు తాగి, లేవబోతూ మామూలుగా అన్నాడు.

"డ్రైవర్ను గూడ మాట్లాడిపెట్టిన. గంత బండిని పిల్ల చేతికి ఎట్ల ఇస్తం."

నేను రొట్టె తుంచుతూ ఉండిపోయాను. ఎవరూ కాదనలేదు. ఇగ చలిలో లేచే బాధ తప్పుతుందని అవ్వ నా వైపు చూసి సంతోషపడింది. ఆ చలిలో లేవడం తప్ప నాకంటూ వేరే ఏముందని అడగాలనిపించింది. కానీ రొట్టె నోట్లో పెట్టుకున్నాను.

అట్లాగని ఆ కారు మీద కోపం తెచ్చుకోనూ లేకపోయాను. ఆ ఫొటోలు నా కళ్లలోనే తిరిగేవి. వెనక్కి వాలి కూర్చుంటే పైనంతా ఆకాశమే ఉంటుంది కదా అనుకునేదాన్ని. మేఘాలను చూస్తూ కంగ్టి దాకా వెళ్లొచ్చు. పుస్తకం ఒడిలో పెట్టుకుని, చదవకపోయినా సరే, అలా వెళ్తూ ఉండొచ్చు. డైరీలో ఆ కారు గురించి రాసిన పేజీలు చూస్తే ఎవరైనా నేను దానికోసం తపిస్తున్నాననే అనుకుంటారు. అందులో కొంత నిజం కూడా. ఒకసారి కలలో అది జొన్నచేల మీదుగా, చప్పుడు లేకుండా, పడవలా వెళ్తోంది. కంకులు దాని అడుగును తడుముతున్నాయి. లోపల అందరం ఉన్నాం. స్టీరింగ్ దగ్గర మాత్రం ఎవరూ లేరు.

మచ్చు చూడకుండా కొనేది లేదన్నాడు అప్ప. పట్నంలో ఫ్లైఓవర్ మీద ఒక చక్కర్ కొట్టి చూస్తే సరిపోదు, ఆ బండి కంగ్టి రోడ్డు మీద నడిచి చూపించాలి అన్నాడు. షోరూమ్ వాళ్లు సరేనని, అందరికీ చూపించడానికి ఉంచుకున్న బండిని ఒక మనిషినిచ్చి పంపారు. మధ్యాహ్నానికి రావాల్సింది, దీపాలు పెట్టే వేళకు వచ్చింది. ఇగ రోడ్డు పొద్దున్నే చూద్దామనుకున్నారు.

మా ఇంటి గేటు తాత కట్టించినది, ఎద్దులబండి వెడల్పుకు. ఆ కారు చెవుల్లాంటి అద్దాలు ముడుచుకుని ఎంత బతిమాలినా గేటు ఒప్పుకోలేదు. అందుకని గల్లీ మొదట్లో, పిండి గిర్ని పక్కన, వీధి దీపం కింద నిలిపారు. షోరూమ్ మనిషి బస్సు డిపో దగ్గరున్న లాడ్జికి వెళ్లిపోయాడు.

నేను గేటు దగ్గర నిలబడి దాన్ని చాలాసేపు చూశాను. నల్లని కారు. మా గల్లీ మొత్తం దాని ఒంటి మీద, నీళ్లలో కనిపించినట్టు, కొంచెం వంగి కనిపిస్తోంది. గిర్ని రేకులు, కరెంటు తీగలు, ఇంటికి మళ్లుతున్న ఒక బర్రె. రోజూ చూసేవే, అందులో మాత్రం ఎవరో చెప్పిన కథలో ఉన్నట్టున్నాయి. దగ్గరికి వెళ్లి నన్ను నేను వెతుక్కున్నాను. కనిపించగానే పక్కకి జరిగాను.

పొద్దున నేను లేచేసరికే జరగాల్సింది జరిగిపోయింది. అజ్జి ఇత్తడి చెంబుతో నీళ్లు తీసుకెళ్లి ఆ కారు నాలుగు చక్రాలూ కడిగింది. బానెట్ మీద, తన నుదుటి మీద ఉన్నట్టే, మూడు గీతలు విభూతి పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు, ముందర పగిలిన కొబ్బరికాయ. గిర్ని దగ్గరికి వచ్చిన ఆడవాళ్లకు అప్పటికే చక్కెర పంచడం కూడా అయింది. వాళ్లలో ఒకావిడ నన్ను చూసి, కొత్త బండి మంచిగున్నదని దీవించింది. నేను తలూపాను.

షోరూమ్ మనిషి లాడ్జి నుంచి చాయ్ గ్లాసు పట్టుకుని వస్తూ దూరం నుంచే ఆగిపోయాడు. పాపం చాలా మర్యాదస్తుడు. ఇది అమ్మే బండి కాదని, చూపించడానికి తెచ్చినదని, సాయంత్రానికల్లా వెనక్కి వెళ్లిపోవాలని అజ్జికి నెమ్మదిగా చెప్పాడు. అజ్జి ఆయన్ను జాలిగా చూసింది.

"ఒక రాత్రి మన కాడ పండుకున్న మాల్ ఇగ వాపస్ ఎట్ల పోతది?"

ఆ మాట ఆయనకు అర్థం కాలేదు. మాకు అయింది. అది తాత పెట్టిన కట్టుబాటు. రైతు సరుకు వచ్చి ఒక్క రాత్రి మా దగ్గర ఉందంటే, తెల్లారేసరికి ధర పడిపోయినా సరే, బస్తాలో పురుగు బయటపడినా సరే, వెనక్కి పంపం. చూసుకోవాల్సిందేదో ముందే, దారిలోనే, అరచేతిలోనే చూసుకోవాలి. అప్ప కారు అద్దంలోంచి గింజలు కొరికేది అందుకే. బజారులో మా ఇంటి మాటకున్న విలువంతా ఆ ఒక్క రాత్రి మీదే నిలబడి ఉంది. పెళ్లై ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి ఆ కట్టుబాటును చూస్తున్న అజ్జి, పొద్దున్నే లేచి, మనదైపోయిన బండికి పూజ చేసింది. ఆమె లెక్కలో తప్పేమీ లేదు.

కాకా ముఖం వెలిగిపోయింది. "పెద్దాయన కట్టుబాటు నువ్వు తప్పుతవా అన్నా?" అన్నాడు. అప్ప శాలువా సర్దుకున్నాడు. ముందు రోడ్డు చూసి వద్దాం, ఎక్కండి అన్నాడు.

షోరూమ్ మనిషి నడిపాడు. అప్ప ముందర కూర్చున్నాడు. నేనూ కాకా వెనక. తలుపు మూసుకోగానే బయటి చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. గిర్ని తిరుగుతోంది, దాని మోత లేదు. బస్సు పక్కనుంచి పోయింది, చేప పోయినట్టు. ఊరు దాటాక మంచు ఇంకా విడలేదు. ఆ ఎత్తులోంచి చూస్తే మంచు మా కిందనే ఉన్నట్టుంది. కందిచేల తలలు దానిలో మునిగి, కొసలు మాత్రం తేలుతున్నాయి. నేను ఇన్నేళ్లూ గట్టు వెనక ఏముందో తెలియకుండా పోయిన చోట్లలో ఒక చిన్న కుంట ఉంది, దాని ఒడ్డున తెల్లగా పూసిన ఏదో గడ్డి ఉంది. మా కారులోంచి అవి ఎప్పుడూ కనిపించలేదు. నా కల ఇదే కదా అనుకున్నాను. కలలో ఉన్నదానిలాగే మాటా పలుకూ లేకుండా కూర్చున్నాను. అప్ప కూడా ఏమీ మాట్లాడలేదు. కాకా ఒక్కడే ఒక్కో మీట నొక్కుతూ, ఇదేందని, అదేందని అడుగుతున్నాడు.

కంగ్టి ఇంకా కొంచెం దూరముందనగా ఒక మలుపు దగ్గర ఎప్పుడూ మాకోసం నిలబడే రైతు ఉంటాడు. ఆ రోజూ ఉన్నాడు. కారు ఆగితే, ఎవరో పెద్దవాళ్లనుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. అప్ప అద్దం దించి పిలిచాక గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. మోచెయ్యి ఆనించబోయి చూసుకున్నాడు. అద్దం అంచు ఆయన గడ్డం దాకా ఉంది. చేతిని పంచెకు తుడుచుకుని, తలుపుకు తగలకుండా, పిడికిలిని పైకెత్తాడు. అప్ప కిందికి వంగి చెయ్యి చాచాడు. రెండు చేతులూ సరిగా కలవలేదు. కందులు సగం రోడ్డు మీద పడిపోయాయి.

అప్ప తలుపు తీసి దిగాడు. కందుల కాలంలో ఆయన దారి మధ్యలో కారు దిగడం నేను చూడటం అదే మొదటిసారి. ఇద్దరూ చలిలో రోడ్డు మీద నిలబడ్డారు. అప్ప గింజ కొరికాడు. ఆ చప్పుడు నాకు వినపడలేదు. రైతు కారు లోపలికి తొంగి, స్టీరింగ్ దగ్గరున్న కొత్త మనిషిని చూసి అప్పను అడిగాడు.

"మన డ్రైవరమ్మ ఏది సేటు?"

నన్ను ఆయన ఎప్పుడూ అలాగే పిలుస్తాడు, ఆటపట్టించడానికి. నల్లద్దం వెనక నేను ఆయనకు కనిపించడం లేదు. అప్ప వెనక్కి తిరిగి నేను కూర్చున్న అద్దం వైపు చూశాడు. ఆయనకూ నేను కనిపించి ఉండను. అయినా అలాగే చూస్తూ నిలబడ్డాడు. నేను తలుపు తీశాను. ఎలా తీశానో, కాలు ఎక్కడ పెట్టానో ఇప్పుడు గుర్తు లేదు.

"నేను నడుపుతా అప్పా," అన్నాను.

కాకా నవ్వి, నీకు కాళ్లు అందుతాయా అని అడిగాడు. దానికి షోరూమ్ మనిషి, ఎంతో శ్రద్ధగా, సీటు పక్కన మీట ఉంటుందని జవాబిచ్చాడు. అందరూ నవ్వారు, ఆయన తప్ప. ఆయన దిగి వెనక కూర్చున్నాడు. మీట నొక్కితే సీటు దానంతటదే ముందుకు జరిగి పైకి లేచింది, చిన్నప్పుడు జాతరలో ఎవరో నన్ను ఎత్తుకుని చూపించినట్టు.

కంగ్టి దాకా వెళ్లి వెనక్కి మళ్లాను. మొదట రెండు భుజాల మీదా బస్తాలు పెట్టుకుని సందులోంచి నడుస్తున్నట్టనిపించింది. ఎదురుగా బస్సు వస్తే ఎడమ చక్రాలు మట్టిలోకి దించాను. కారు అటూ ఇటూ ఊగనైనా లేదు. మంచు విడిపోతోంది. కోసిన కందికట్టెల మీద ఎండ పడుతోంది. ఎప్పుడు మొదలుపెట్టాడో గమనించలేదు, అప్ప మాట్లాడుతున్నాడు. ఈసారి గింజ సన్నగా ఉందన్నాడు. పూత మీద మబ్బులు పట్టాయి కదా అన్నాడు. తర్వాత, నిన్న సగంలో ఆపిన కథలో ఆ పడవవాడు ఏమయ్యాడని అడిగాడు. రోడ్డును చూస్తూ నేను చెప్పడం మొదలుపెట్టాను.

కాకా వెనకనుంచి ముందుకు వంగాడు. "గిదేంది, రోజూ మీ ఇద్దరు గిట్లనే కథలు చెప్పుకుంట పోతరా?"

ఆ మాట విని నేను కథ ఆపేశాను. నారాయణఖేడ్ డిపో గోడ దగ్గరికి వచ్చేశాం. అప్పుడు కాకాయే, కొంచెం సిగ్గుపడుతూ, మరి ఆ పడవవాడు ఒడ్డుకు చేరిండా లేదా అని అడిగాడు.

అజ్జి గిర్ని అరుగు మీద మాకోసం కూర్చుని ఉంది. అప్ప వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. రైతుకు చెయ్యి అందని బండి నాకెందుకు, ఆయన మోచెయ్యి పెట్టుకోను జాగ లేదు అన్నాడు. అజ్జి దానికి ఒప్పుకోలేదు. చెయ్యి అందకపోతే దిగు, కట్టుబాటు కట్టుబాటే అంది. అప్ప గల్లీ చివర కనిపిస్తున్న మా గేటును చూపించాడు.

"అది మన గేటు దాటలే అవ్వా. బజార్ల పండుకున్నది."

అజ్జి గేటును చూసింది, కారును చూసింది. గేటు స్తంభాల మధ్య దూరాన్ని కళ్లతోనే కొలిచింది. తాత ఆ గేటు కట్టించిన రోజు ఏదో గుర్తొచ్చిందేమో, ముఖం మెత్తబడింది. ఇంట్లోకి రాని మాల్ మనది కాదని ఆమెకు మేం చెప్పనక్కర్లేదు. "అయితే అది మాల్ కాదు, సుట్టం," అని తనే తీర్పు చెప్పింది. చుట్టాన్ని ఉత్త చేతుల్తో పంపకూడదని, నన్ను ఇంట్లోకి పంపి కొబ్బరి చిప్పా, పిడికెడు కందులూ తెప్పించింది. కందుల్ని కారు లోపల గ్లాసు పెట్టుకునే గుంటలో పోసింది. షోరూమ్ మనిషి వద్దనలేక చేతులు జోడించాడు.

కాకా కొంతసేపు అలిగాడు. అప్ప ఆయన భుజం మీద చెయ్యి వేసి అన్న మాటను నేను కారు పక్కన నిలబడి విన్నాను.

"మిల్లుకు కావాల్నంటే ఎప్పుడో ఒకటి పెద్దది కొందం. డ్రైవర్కు మాత్రం వద్దని చెప్పు. మనింట్ల ఉన్నది."

కాకా ఫోను తీసి పక్కకి వెళ్లాడు. వెళ్తూ నన్ను చూసి, పడవవాడి సంగతి మర్చిపోకని వేలు చూపించాడు.

కారు వెళ్లిపోతుంటే నాకు బాధ కలగలేదంటే అబద్ధం. గట్టు వెనకనున్న ఆ కుంటను మళ్లీ అంత ఎత్తులోంచి చూడను. షోరూమ్ మనిషి విభూతి తుడవలేదు. అజ్జి చూస్తుండగా తుడవడానికి మొహమాటపడ్డాడో, మర్చిపోయాడో. బానెట్ మీద మూడు తెల్ల గీతలతో అది డిపో మలుపు తిరిగింది. ఆ గీతలతోనే ఏ ఫ్లైఓవర్ మీదనో ఎవరెవరినో ఎక్కించుకుని తిరుగుతుందనుకున్నాను. ఎవరూ దాన్ని కొనరు, అందరూ నడిపి చూస్తారు.

మరునాడు పొద్దున మా కారు ఎప్పటిలాగే కాసేపు మొండికేసి, తర్వాత లేచింది. అజ్జి కూర్చునే చోట అవ్వ ఒక బొంతను మడతలు పెట్టి ఎత్తుగా కుట్టింది. మంచు ఇంకా ఉంది. మలుపు దగ్గర రైతు మోచెయ్యి ఆనించి, లోపలికి చూసి, "వచ్చినవా డ్రైవరమ్మా," అన్నాడు. "వచ్చిన," అన్నాను. అప్ప గింజ కొరికాడు. ఈసారి వినపడింది.

దారి పొడుగునా నేను ఆ పెద్ద కారు గురించే ఆలోచిస్తూ నడిపాను. అజ్జి పోసిన కందుల్లో కొన్నైనా ఆ గుంటలోంచి జారి సీట్ల కిందికి పోయి ఉంటాయి. పట్నంలో ఏదో ఒక వానకు, ఎవరో తడిసిన కాళ్లతో ఎక్కుతారు. ఆ మెత్తని చాపల కింద, ఎవరూ చూడని చోట, రెండు లేత ఆకులు.

పడవవాడు ఏమయ్యాడని అప్ప అడిగాడు.